కార్తీకం కోసిన తలుపు

మా పెరటి తలుపు వేసి గడియ పెట్టాక కూడా రెక్కకూ ద్వారబంధానికీ మధ్య నా చిటికెన వేలు దూరేది. కింద వైపయితే చెప్పు కొనే దూరేది. ఏళ్ళ తరబడి ఆ సందు అలాగే ఉంది. దాని గుండా చీమలు వచ్చాయి, ఒకసారి తేలు వచ్చింది, పక్కింటి పిల్లలు మా పిల్లవాడికి చీటీలు తోసేవారు. వేడి కూడా అక్కడి నుంచే వస్తోందన్న సంగతి నిరుడు మే నెల దాకా నాకు తట్టలేదు.

మాది నెల్లూరు, మూలాపేట. 1994లో కట్టిన మిద్దె ఇల్లు, ఒకటే అంతస్తు. తూర్పు గుమ్మం, పడమట పెరడు. యజమాని పడకగది నైరుతిలో ఉండాలని వాస్తు చెప్పినాయన అన్నారు కనుక అది నైరుతిలోనే ఉంది. పెద్దల మాటను తప్పుపట్టను. కానీ వేసవి సాయంత్రం నాలుగు గంటలకు మా ఇంట్లో అన్నిటికన్నా కాలే మూల అదే. ఆ గదికి పడమట ఒక కిటికీ, దక్షిణాన ఒక కిటికీ. రెండూ నాలుగడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. టేకు చట్రాలు, గాజు బిగించిన రెక్కలు, ఇనుప చువ్వలు. పైన వెంటిలేటర్లు. ఏసీ పెట్టించిన ఏడు ఆ వెంటిలేటర్లకు పాత క్యాలెండరు అట్టలు టేపుతో అంటించాం. ఎండకు టేపు ఎండిపోయి అట్టలు వంగిపోయాయి. గాలి వేసినప్పుడల్లా టపటపమనేవి. ఆ చప్పుడుకు అలవాటు పడి నిద్రపోవడం నేర్చుకున్నాం గానీ అది ఎందుకు వస్తోందని ఎవరమూ లేచి చూడలేదు.

నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్ని. వేసవి సెలవుల్లో పగలంతా ఇంట్లోనే ఉంటాను కాబట్టి ఆ నెలరోజుల ఎండ ఎలా ఉంటుందో మా వారికన్నా నాకే ఎక్కువ తెలుసు. నిరుడు మే నెలలో మీటరు 520 యూనిట్లు చూపించింది. మన రాష్ట్రంలో గృహ వినియోగానికి తొలి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, అది దాటితే 9.75. ఈ లెక్కన స్థిర ఛార్జీ, సుంకం, సర్దుబాట్లు కలపకముందే 3,718 రూపాయలయింది. మా వారు బిల్లు బల్ల మీద పెట్టి, "టన్నున్నర ఏసీ ఈ గదికి చాలడం లేదు, రెండు టన్నులది తెద్దాం" అన్నారు. చిల్లుకుండ నిండటం లేదని పెద్ద చెంబు కొన్నట్టుంది నాకా మాట. అయితే చిల్లు ఎక్కడుందో అప్పటికి నాకూ తెలియదు.

ముందుగా మా అబ్బాయి ఫోనులో ఇచ్చిన సలహా యూపీవీసీ కిటికీలు, అంటే గట్టి ప్లాస్టిక్ చట్రాలవి. బెంగళూరులో వాళ్ళ అపార్టుమెంటులో అవే ఉన్నాయట. ఒక దుకాణం నుంచి మనిషి వచ్చి టేపు పెట్టి కొలిచాడు. ఇంటి మొత్తానికి ఏడు కిటికీలు, 112 చదరపు అడుగులు. మామూలు గాజుతో స్లైడింగ్ రకమైతే అడుగుకు 750 రూపాయలు, అంటే 84,000. రెండు గాజుల మధ్య గాలి ఉండే రకమైతే అడుగుకు 1,150, అంటే 1,28,800. "ఇవి వేయించుకుంటే వేడి లోపలికి రాదండీ" అన్నాడు. చట్రం సంగతి సరే, గాజులోంచి పడే ఎండ ఎలా ఆగుతుందని అడిగాను. తెరలు కట్టుకోమన్నాడు.

ఆ మాట దగ్గర నాకు అనుమానం వచ్చింది. మామూలు గాజు మీద పడిన సూర్యరశ్మి వేడిలో సుమారు 80 శాతం లోపలికి వచ్చేస్తుంది. చట్రం టేకుదైనా, ప్లాస్టిక్‌దైనా, బంగారంతో చేయించినా గాజు గాజే. లోపలికి వచ్చిన ఎండకు మంచం, గచ్చు, బీరువా వేడెక్కుతాయి. అవి తిరిగి విడిచే ఉష్ణాన్ని మాత్రం అదే గాజు సూటిగా బయటికి పోనివ్వదు. లోపల తెర కట్టడమంటే దొంగ గుమ్మం దాటాక తలుపు వేయడమే. ఇక్కడ ఒక చిన్న పక్కదారి. గాజుకు కావలసిన తెల్ల ఇసుక పాత నెల్లూరు జిల్లాలోని గూడూరు, చిల్లకూరు ప్రాంతంలో తవ్వితే దొరుకుతుంది. మన మట్టిలోంచి వెళ్ళినది మన కిటికీలోకి వచ్చి కూర్చుని మనల్నే ఉడికిస్తోందని మా వారితో అన్నాను. ఆయన నవ్వలేదు, అప్పటికి కరెంటు పోయి ఉంది.

ఇక స్లైడింగ్ సంగతి. భవనాల్లో విద్యుత్తు ఆదా కోసం కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ (బీఈఈ) 2018లో 'ఎకో నివాస్ సంహిత' అనే నియమావళి తెచ్చింది. మా వంటి చిన్న స్థలాల ఇళ్ళకు అది తప్పనిసరి కాదు గానీ, లెక్క ఉన్న చోట నాకు ఆసక్తి. మనలాంటి ఉక్కపోత ప్రాంతాల్లో గచ్చు వైశాల్యంలో కనీసం 16.66 శాతం, అంటే ఆరో వంతు, తెరుచుకునే కిటికీలూ తలుపులూ ఉండాలంటుంది. రెక్కల కిటికీ తెరిస్తే 90 శాతం తెరుచుకున్నట్టు లెక్క. రెండు పలకల స్లైడింగ్ అయితే ఎంత జరిపినా సగమే. మా పడకగది 12 అడుగులు ఇంటూ 11 అడుగులు, 132 చదరపు అడుగులు. రెండు కిటికీలూ కలిపి 32. ఉన్న రెక్కలతో 28.8 చదరపు అడుగులు తెరుచుకుంటాయి, దాదాపు 22 శాతం. స్లైడింగ్ వేయిస్తే 16 చదరపు అడుగులు, 12 శాతం. లక్ష రూపాయలు పోసి సముద్రపు గాలిలో సగం పోగొట్టుకోవడం! దుకాణం మనిషి ఇచ్చిన ధరల కాగితం మడిచి కుక్కరు కింద పెట్టాను.

నెల్లూరులో కిటికీకి రెండు ఉద్యోగాలు. పొద్దున తొమ్మిది దాటాక పడమటి గాలి మొదలవుతుంది. వెలికొండల వైపు నుంచి నేల మీదుగా వచ్చే పొడి గాలి అది, పొయ్యి మూత తీసినట్టు ఉంటుంది. దానికి కిటికీ బిర్రుగా మూసుకోవాలి. మధ్యాహ్నం తిరిగాక మైపాడు వైపు నుంచి సముద్రపు గాలి వస్తే, దానికి బార్లా తెరుచుకోవాలి. పడమటి గాలి బలంగా ఉన్న రోజున సముద్రపు గాలి ఊరి దాకా రానే రాదు. రోహిణి కార్తెలో అలాంటి రోజులే ఎక్కువ. అపార్టుమెంటు అద్దాల పెట్టెలు మొదటి పని చేస్తాయి, రెండోది చేయవు. మా పాత కిటికీలు రెండోది చేస్తాయి, మొదటిది చేయడం మానేశాయి. మానేసినదాన్ని తిరిగి నేర్పించడమే నాకు తేలికనిపించింది.

ఒక ఉదయం పదకొండు గంటలకు, బయట గాలి జోరుగా ఉన్నప్పుడు, పడకగదిలో ఫ్యానూ ఏసీ ఆపేసి, తలుపులూ కిటికీలూ అన్నీ వేసి, ఒక అగరుబత్తి వెలిగించాను. గాలి కదలని చోట పొగ నిట్టనిలువుగా దారంలా లేస్తుంది. దాన్ని కిటికీ చట్రం అంచు వెంట అంగుళం అంగుళంగా జరుపుతూ పోయాను. దక్షిణపు కిటికీ దగ్గర పొగ కొద్దిగా వణికింది, అంతే. పడమటి కిటికీలో రెండు రెక్కలూ కలిసే చోటికి తెచ్చేసరికి దారం తెగి నా మొహం మీదికి వంగింది. కింది బోల్టు దగ్గర నిప్పు ఎర్రగా రాజుకుంది, ఊదినట్టు. వెంటిలేటరు అట్ట దగ్గర పొగ జాడే లేదు, పుట్టినది పుట్టినట్టే చెదిరిపోతోంది. ఏసీ గొట్టం బయటికి పోయే చిల్లు చుట్టూ లప్పం ఊడిపోయి వేలెడు సందు. ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టాను. పని ముగిసేసరికి గదిలో ఇరవై మూడు గీతలున్నాయి. అత్తయ్య గుమ్మంలో నిలబడి, "పూజ గది అటుందమ్మా" అన్నారు.

పెరటి తలుపుకు అగరుబత్తి అవసరం లేకపోయింది. అది నేరుగా నడవలోకి తెరుచుకుంటుంది, నడవ పక్కనే మా గది. రాత్రి దీపాలార్పి మా వారిని టార్చితో పెరట్లో నిలబెట్టాను. తలుపు చుట్టూ వెలుగు గీత గీసినట్టు కనబడింది. కింది సందు స్కేలుతో కొలిస్తే ముప్పావు అంగుళం. తలుపు వెడల్పు 36 అంగుళాలు. రెండూ గుణిస్తే 27 చదరపు అంగుళాలు. తొమ్మిది అంగుళాల పొడవు, మూడు అంగుళాల మందం ఉండే ఇటుకను గోడలోంచి ఊడబీకితే ఎంత కంత పడుతుందో సరిగ్గా అంత. గోడలో ఇటుక ఊడితే ఆ సాయంత్రానికే మేస్త్రీని పిలుస్తాం. తలుపు కింద ఉంటే ఏళ్ళు గడిపేస్తాం, ఎందుకంటే అది సన్నగా సాగదీసి ఉంటుంది.

వడ్రంగి మేస్త్రీ మా ఇంటికి పాతికేళ్ళుగా వస్తున్నవాడే. సందు చూపించి, "ఇంత వెలితిగా కోశావేమయ్యా" అన్నాను. ఆయన తలుపు అంచు బొటనవేలితో రాసి చూశాడు.

"నేను కోయలేదమ్మా, కార్తీకం కోసింది" అన్నాడు.

అర్థం కాలేదు. చెప్పించుకున్నాను. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య గాలితో వస్తాయి. ఆ తేమకు చెక్క ఉబ్బుతుంది. పొడవున దాదాపు పెరగదు, అడ్డంగా పెరుగుతుంది. అందుకే కార్తీక మాసంలో తలుపు ద్వారబంధానికి పట్టేస్తుంది. "మీరు అప్పుడు కబురు పెడతారు. నేను కాస్త చిత్రిక పడతాను. ఉగాదికి చెక్క ఎండి తన కొలతకు తాను వస్తుంది. నేను తీసిన పొట్టు మటుకు తిరిగి రాదు కదా. మళ్ళీ ఏడు మళ్ళీ కబురు పెడతారు." ప్రతి రెండు మూడేళ్ళకోసారి ఆయన తలుపును చిత్రిక పట్టడం, కింద చెక్క పొట్టు ఉంగరాలు ఉంగరాలుగా పడటం, మా అబ్బాయి వాటిని ఏరుకుని ఆడుకోవడం నాకు గుర్తుకొచ్చాయి. ఒక్కో ఉంగరం ఒక్కో వేసవి గాలి అన్నమాట. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగితే, "తలుపు పట్టిందని పిలిచినవాళ్ళకు పట్టనీయండి అని చెబితే ఊరుకుంటారా అమ్మా" అన్నాడు. న్యాయమే.

కింది సందు కార్తీకం పని కాదు, అది మా సొంతం. 2012లో టైల్స్ వేయించినప్పుడు తలుపు గచ్చుకు తగులుతోందని అడుగు భాగం కోయించాం. అత్తయ్యకు నడక కర్ర వచ్చాక కాలికి తగులుతోందని పెరటి గడప కూడా తీసేయించాం. గడప అంటే పసుపు రాసి ముగ్గు పెట్టే చోటని మాత్రమే అనుకునేదాన్ని. తూర్పు గుమ్మానికి గడప ఉంది. అగరుబత్తి పట్టుకుని చూస్తే అక్కడ కింది నుంచి పొగ ఇసుమంత కూడా కదలలేదు.

మేస్త్రీ చేసిన పని నాకు నచ్చింది, అందుకే కాస్త వివరంగా చెబుతాను. తలుపు అంచుకు చెక్క అతికించి సందు పూడ్చమని నేనడిగాను. ఆయన ఒప్పుకోలేదు. పూడిస్తే వానలకు మళ్ళీ పడుతుంది, మళ్ళీ చిత్రిక, కథ మొదటికి వస్తుంది. దానికి బదులు ద్వారబంధానికి లోపలి వైపు ముప్పావు అంగుళం టేకు బీడింగ్, అంటే సన్నటి చెక్క పట్టీ, కొట్టి, తలుపు మూసినప్పుడు రెక్క దానికి ఆనుకునేలా చేశాడు. బీడింగ్‌కూ రెక్కకూ మధ్య రబ్బరు పట్టీ. పక్కన సందు ఉంటే ఉంది, దాని ముందర గోడ నిలబడింది. చెక్క ఉబ్బడానికి చోటుంది, గాలికి దారి లేదు. మా గది కిటికీ రెక్కలు కలిసే చోట కూడా ఇదే పద్ధతిలో ఒక రెక్కకు పట్టీ వేసి, రెండోది దాని మీద ఆనేలా చేశాడు. వదులైన బందులు బిగించాక రెక్కలు వాటంతటవే పావు అంగుళం పైకి లేచి సరైన చోటికి వచ్చాయి. ఆ పని మొదట చేయించి ఉంటే నా సుద్ద గీతల్లో ఐదారు ముందే చెరిగిపోయేవి.

రబ్బరు విషయంలో నేను ఒకసారి మోసపోయాను. మొదట కొన్నది స్పాంజి పట్టీ, చవక, వెనుక జిగురుతో వస్తుంది. పడమటి కిటికీ మీద నెల తిరగకుండానే అప్పడంలా ఎండి, ముట్టుకుంటే పొడి రాలింది. తర్వాత కారు తలుపులకు వాడే నల్లని ఈపీడీఎం రబ్బరు, లోపల బోలుగా ఉండే రకం, కొన్నాను. ధర మూడింతలు, కానీ ఈ రెండో వేసవి కూడా దాటి మెత్తగానే ఉంది. తలుపు అడుగుకు గుడ్డ గొట్టాల రకం తొడిగితే పెరటి ఇసుకంతా ఈడ్చుకుంటూ ఇంట్లోకి తెచ్చింది. అది పీకేసి, రబ్బరు నాలుక ఉన్న అల్యూమినియం పట్టీ స్క్రూలతో బిగించాం. వెంటిలేటర్లకు అట్టలు పోయి, తాడు లాగితే తెరుచుకునే గాజు రెక్కలు వచ్చాయి.

ఇక్కడి దాకా బాగానే నడిచింది కనుక నాకు ఉత్సాహం ఎక్కువైంది. ఇంట్లో ఏ సందు కనబడినా రబ్బరు అంటించడం మొదలుపెట్టాను. అత్తయ్య గది తలుపూ కిటికీ కూడా బిగించేశాను. రెండో రోజు ఆమె మధ్యాహ్నం మంచం దిగి హాల్లోకి వచ్చి కూర్చున్నారు. చీర వీపుకు అంటుకుపోయి ఉంది. "ఆ గదిలో ఇడ్లీలు పెట్టుకోవచ్చు" అన్నారు. ఆమె గదిలో ఏసీ లేదు, కూలరు ఉంది. కూలరు నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. ఆ తడి గాలి బయటికి పోయే దారి లేకపోతే గదిలో తేమ పేరుకుని ఉక్కపోత తప్ప చల్లదనం ఉండదు. ఏసీకి గది మూయాలి, కూలరుకు తెరవాలి. ఇంత చిన్న విషయం మరిచి, లెక్కల టీచరునై ఉండి, రెండింటికీ ఒకే సూత్రం వేశాను. ఆ సాయంత్రమే రబ్బరు పీకేశాను. ఆమె కిటికీకి ఇప్పుడు వట్టివేళ్ళ తడిక ఉంది. పడమటి గాలి వేసే రోజుల్లో దాని మీద నీళ్ళు చల్లితే కూలరును మించి పనిచేస్తుంది, సముద్రపు గాలి తిరిగాక మాత్రం తడిపినా లాభం లేదు. వంటింటి తలుపు కింది సందు జోలికి కూడా పోలేదు. వంట గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది. అది బయటికి పోయే దారి మూయకూడదని మేస్త్రీయే గుర్తుచేశాడు.

రెండో తప్పులో మా అబ్బాయికీ వాటా ఉంది. పడమటి గాజుకు నల్లని ఫిల్మ్ అంటిస్తే ఎండ ఆగుతుందన్నాడు. 1,800 రూపాయలు పోశాం. పట్టపగలు గదిలో దీపం వేసుకోవలసి వచ్చింది. ఐదో రోజు సాయంత్రం టప్పుమని చప్పుడు. లేచి చూస్తే కుడి రెక్క గాజు మూల నుంచి వంకర గీత, నాగుపాము పాకినట్టు. నల్ల ఫిల్మ్ ఎండను తాగుతుంది. గాజు నడుమ భాగం మరిగిపోతుంది, చట్రంలో లప్పం కింద ఉన్న అంచు చల్లగా ఉంటుంది. ఒకటి సాగుతుంది, ఒకటి సాగదు. మా పాత గాజు ఆ లాగుడుకు ఓర్చుకోలేదు. వేడిని వెనక్కి తిప్పికొట్టే మంచి ఫిల్ములు, మంచి గాజులు లేవని కాదు. దుకాణంలో నల్లగా కనబడినదల్లా అది కాదని 2,500 రూపాయలతో నేర్చుకున్నాను, కొత్త గాజు ఖర్చుతో కలిపి.

ఆ తర్వాతే సన్‌షేడ్ కింద నిలబడి ఎండను సరిగ్గా చూశాను. ఇన్నేళ్ళూ చూడని సంగతి ఒకటి కనబడింది. నెల్లూరు అక్షాంశం పద్నాలుగున్నర డిగ్రీలకు కాస్త తక్కువ. ఏప్రిల్ ఆఖరు రోజుల్లో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. అక్కడి నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం పూట కొద్దిగా ఉత్తరం వైపే ఉంటాడు. అంటే రోహిణి కార్తెలో మా దక్షిణపు కిటికీ మీద నేరుగా ఎండే పడదు! దానికి మందపాటి తెరలు కుట్టించి పెట్టుకున్నాం. అసలు పాపం పడమటిది. అక్కడి సన్‌షేడ్ రెండడుగులు. సూర్యుడు నెత్తిన ఉన్నంతసేపే దాని ప్రతాపం. నాలుగు గంటలకు నీడ అంచు దగ్గర సుద్దగీత పెట్టి కొలిస్తే, నాలుగడుగుల కిటికీలో అడుగున్నర కూడా కప్పలేదు. ఐదింటికి ముప్పావు అడుగు కూడా లేదు. వాలిన సూర్యుడికి అడ్డం పెట్టాల్సింది గొడుగు కాదు, తెర.

వెదురు తడిక కొన్నాం, చుట్టుకునే రకం. దాన్ని సన్‌షేడ్ అంచుకే వేలాడదీయబోతే మేస్త్రీ ఆపాడు. కిటికీ రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. ఒక్కో రెక్క రెండడుగులు, సన్‌షేడ్ కూడా రెండడుగులే. తడిక కట్టాక రెక్క తెరిస్తే దానికి గుద్దుకుంటుంది. అందుకని మూడంగుళాలు ముందుకు వచ్చేలా ఇనుప కమ్మీలు బిగించి వాటికి కట్టాడు. దీనివల్ల తడికకూ గోడకూ మధ్య గాలి ఆడుతుంది, కాగిన గాలి పైకి పోతుంది. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన తుపాకీ థర్మామీటరు బీరువాలో ఉంటే తీసి, వస్తువుల ఉష్ణోగ్రత చూపే మీట నొక్కి, సాయంత్రం నాలుగింటికి గాజు లోపలి వైపు చూశాను. తడిక లేని రోజున 47 డిగ్రీలు. కట్టాక 38. నేను చేసిన పనులన్నిటిలో ఇదే చవక, ఇదే ఎక్కువ పనిచేసినది. దీనితో మొదలుపెట్టి ఉంటే బాగుండేది. మే నెల గాలిదుమారానికి ముందు చుట్టి కట్టేయడం మరిచిపోతే మాత్రం ఎగిరి పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద పడుతుంది. ఇప్పటికి రెండుసార్లు తెచ్చుకున్నాం.

ఈ ఏడు మే నెలలో దినచర్య ఒకటి ఏర్పడింది. తెల్లవారుజామున అన్నీ తెరుస్తాం. ఎనిమిదిన్నరకు నేను మూసుకుంటూ వస్తాను. మూసిన కిటికీ ఇప్పుడు డబ్బా మూతలా మెత్తగా పడుతుంది, ఆ చప్పుడంటే నాకిష్టం. ఒంటిగంటకు తడిక దించుతాను. గాలి తూర్పుకు తిరిగిందో లేదో పెరట్లో ఆరేసిన బట్టలు చెబుతాయి. తిరిగితే తూర్పు గుమ్మం, దక్షిణపు కిటికీ తెరుస్తాం. దోమల జాలీ గాలిలో కొంత మింగేస్తుంది, కానీ మన ఊళ్ళో జాలీ లేకుండా కిటికీ తెరిచే ధైర్యం ఎవరికుంది? ఏసీని 22 మీద పెట్టే మా వారు ఎవరూ చెప్పకుండానే 26కు వచ్చారు. కొత్త ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 మీద ఉండాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ చెబుతోంది. మాది పాత ఏసీ, మా వారిది పాత అలవాటు, రెండూ ఇప్పుడు దారికొచ్చాయి.

మీటరు 412 చూపించింది. 108 యూనిట్లు తగ్గాయి. అవన్నీ 400 పైన ఉన్నవే కనుక ఒక్కోటి 9.75 చొప్పున తగ్గి, నిరుటి 3,718 కాస్తా 2,665 అయింది. 1,053 రూపాయలు. దీంట్లో రబ్బరు వాటా ఎంత, తడిక వాటా ఎంత, 22 నుంచి 26కు మారిన వేలి వాటా ఎంత అని మా అబ్బాయి అడిగాడు. విడదీయలేను. పైగా ఈసారి మే మధ్యలో నాలుగు రోజులు మబ్బు పట్టింది, అదీ లెక్కలోంచి తీసేయాలి. ఖర్చు మాత్రం చెప్పగలను. కూలి 2,400, టేకు బీడింగ్ 900, నల్ల రబ్బరు 640, తలుపు అడుగు పట్టీలు 550, తడికా కమ్మీలూ 1,300. మొత్తం 5,790. పగిలిన గాజు, నల్ల ఫిల్మ్ 2,500 వేరే పద్దు, అది నా చదువు ఖర్చు. రాత్రి పది దాటాక కూడా పడమటి గోడ చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటుంది. మిద్దె కప్పు సంగతి చెప్పనే అక్కర్లేదు. కిటికీలతో ఆ రెండూ తీరవు. కప్పు మీద సున్నం పూత వచ్చే ఫాల్గుణంలో చూస్తాం.

మొన్నటి అల్పపీడనానికి మూడు రోజులు ముసురు పట్టింది. పెరటి తలుపు ఉబ్బి పట్టేసింది. మా వారు భుజంతో నెట్టి తీసి, చొక్కా దులుపుకుంటూ, "మేస్త్రీకి ఫోను చేయనా?" అన్నారు.

సంక్రాంతి దాటాక చూద్దామన్నాను.